అమ్మానాన్నల షెంగెన్ వీసా: అప్లై చేసే ముందు అకౌంట్‌లో డబ్బు వేయడం సరైనదేనా?

ఖమ్మంపిల్ల:
నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వేసవిలో అమ్మానాన్నలను షెంగెన్ వీసా (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే విజిటర్ వీసా) మీద రెండు నెలలు ఇక్కడ ఉంచుకోవాలని ఆశ. నాన్న మిర్చి రైతు. ఐటీ రిటర్న్స్ లేవు, అకౌంట్‌లో పెద్దగా నిల్వ ఉండదు. ఐదు లక్షలు వేసి స్టేట్‌మెంట్ తీయండి, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు అని ఏజెంట్ చెప్పారు. మా ఆయన వద్దంటున్నారు. మీరేమంటారు?

గోదారిగట్టు:
వేసేయండమ్మా. చూసేది చివరి బ్యాలెన్సే. మా బంధువుల్లో చాలామంది అలాగే వెళ్లొచ్చారు. వేసేది కూతురి డబ్బు, దొంగ కాగితమేమీ కాదు కదా.

పాతఫైలు:
గోదారిగట్టు గారూ, దొంగ కాగితం కాదన్నది నిజమే. కానీ వీసా సెంటర్ వాళ్లు ఫైలు, వేలిముద్రలు తీసుకుని పంపుతారంతే. నిర్ణయం కాన్సులేట్‌ది. వాళ్లు చివరి బ్యాలెన్స్ ఒక్కటే కాదు, కొన్ని నెలల లావాదేవీలు చూస్తారు. పది, పదిహేను వేలు తిరిగే అకౌంట్‌లో అప్లికేషన్‌కు వారం ముందు ఐదు లక్షలు పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ అనుమానంతోనే మిగతా కాగితాలన్నీ చదువుతారు.

పైగా ఈ అమ్మాయికి ఆ అవసరమే లేదు. జర్మనీలో ఉంటున్నవాళ్లు అక్కడి ఫారినర్స్ ఆఫీసుకు వెళ్లి ఫార్మల్ ఆబ్లిగేషన్ లెటర్ తీసుకోవచ్చు. ఫీజు 29 యూరోలు. మీ జీతం వివరాలు చూసి, అమ్మానాన్నల ఖర్చు భరించే స్థోమత మీకుందని అందులో రాసిస్తారు. ఒరిజినల్‌ను ఇంటికి పంపాలి. అపాయింట్‌మెంట్‌కు టైమ్ పడుతుంది కాబట్టి ఇప్పుడే అడగండి.

డబ్బు ప్రశ్న దాంతో తీరిపోతుంది. తిరిగి వస్తారా అన్నది వేరే ప్రశ్న. రిజెక్షన్ ఫారంలో ఈ రెంటికీ వేర్వేరు కారణాలు ఉన్నాయి. అందరూ మొదటిదానికే టెన్షన్ పడి, రెండోదానికి ఒక్క కాగితమూ పెట్టరు. నాకు బాధ కలిగేది అక్కడే. పట్టాదారు పాసుపుస్తకం, రైతు భరోసా జమ అయిన ఎంట్రీ, ఊళ్లో ఉన్న పిల్లల వివరాలు, వచ్చే పంటకు నాన్న పొలంలో ఉండాల్సిన అవసరం, ఇవన్నీ ఫైల్లో కనిపించాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయండి.

గోదారిగట్టు:
రిజెక్ట్ అయితే మళ్లీ చూడమని కాన్సులేట్‌కు రాసుకోవచ్చుగా?

పాతఫైలు:
జర్మనీ ఆ పద్ధతిని 2025 జూలై 1 నుంచి తీసేసింది. ఇప్పుడు బెర్లిన్ కోర్టుకు వెళ్లాలి, లేదంటే మనిషికి 90 యూరోలు మళ్లీ కట్టి కొత్తగా అప్లై చేయాలి. రిజెక్షన్ వివరాలు ఐదేళ్లు షెంగెన్ దేశాల ఉమ్మడి సిస్టమ్‌లో ఉంటాయి. అందుకే మొదటి ఫైలే గట్టిగా ఉండాలంటున్నాను.

మిర్చియార్డు:
ఒక్క మాట ఒప్పుకోను. పెద్ద మొత్తం పడితే అనుమానమే అంటే ఇక రైతులెవరూ అప్లై చేయకూడదు. మాకేమైనా నెల జీతమా? సరుకు అమ్మినప్పుడు ఒక్కసారే పడుతుంది, అప్పులు కట్టేస్తే వెళ్లిపోతుంది. మా అకౌంట్లు ఉద్యోగుల అకౌంట్లలా ఉండవు.

పాతఫైలు:
అన్నా, మీరన్నది న్యాయమే, నేను అది చెప్పకుండా వదిలేశాను. పంట డబ్బుకు తక్‌పట్టీ (సరుకు అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చే చీటీ) ఉంటుంది. ఆ కాపీ, కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాలు పెడితే ఆ జమ ఎక్కడిదో అర్థమవుతుంది. కూతురు పంపినా తప్పులేదు, కూతురు పంపిందనే రాయాలి. వెనక్కి ఇచ్చేసే డబ్బును మా సొంతం అని చూపించడమే నేను వద్దంటున్నది.

ఖమ్మంపిల్ల:
తక్‌పట్టీలు నాన్న దగ్గర ఉన్నాయి. లెటర్ కోసం అప్లై చేస్తాను. టికెట్లు ముందే కొనాలా?

పాతఫైలు:
వద్దమ్మా, రిజర్వేషన్ చాలు. ఇన్సూరెన్స్ మాత్రం కనీసం 30,000 యూరోల కవరేజీతో, షెంగెన్ దేశాలన్నింటికీ వర్తించేలా, ఉండే రోజులన్నీ కలిసేలా తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వేసవి రద్దీలో స్లాట్లు దొరకవు, ఆలస్యం చేయకండి.

గోదారిగట్టు:
పొలం, పెన్షన్ రెండూ లేని తల్లిదండ్రులు ఏం చూపిస్తారండి? వాళ్లకు డబ్బు వేయడం తప్ప దారేది? నా మాట నేను వెనక్కి తీసుకోను.

పాతఫైలు:
వాళ్లకూ డబ్బు విషయంలో అదే లెటర్ సరిపోతుంది. తిరిగి రావడం గురించి మాత్రం వాళ్లకు కష్టమే. సొంత ఇల్లు, చదువుకుంటున్న చిన్న కొడుకు, అంతకుముందు వేరే దేశం వెళ్లి సమయానికి తిరిగొచ్చిన స్టాంపులు, ఏది నిజంగా ఉంటే అది పెట్టాలి. ఐదు లక్షలు వేసినా ఆ ప్రశ్నకు జవాబు రాదండీ.