పక్కింటి రాట్‌వీలర్ మా కుక్కపై దాడి చేసింది: కట్టడి జాతికా, యజమానికా?

అడిగినవారు: మొగల్రాజపురం నివాసి, విజయవాడ

మేము మొగల్రాజపురంలో ఒక ఇరుకు వీధిలో ఉంటున్నాము. మా ఇంట్లో చిన్న స్పిట్జ్ ఉంది. ఇటీవల ఒక సాయంత్రం మా అమ్మగారు దానిని నడిపించుకుని వస్తుండగా, రెండిళ్ల అవతలివారు పాలు పోయించుకోవడానికి గేటు తీశారు. ఆ సందులోంచి వారి రాట్‌వీలర్ బయటకు దూకి, మా కుక్కను వీపు మీద పట్టుకుని విదిలించింది. ఇస్త్రీ బండి దగ్గర ఉన్నవారు బకెట్టు నీళ్లు దాని ముఖాన కొట్టిన తరువాత గాని పట్టు వదలలేదు. మా కుక్క ప్రాణాలతో బయటపడింది, కుట్లు పడ్డాయి. అమ్మగారి చేతికి కూడా పంటి గీతలు పడ్డాయి.

ఆ ఇంటివారు మాత్రం తమ కుక్క ఎన్నడూ ఎవరినీ ఏమీ అనలేదని, మా కుక్క మొరగడం వల్లనే ఇదంతా జరిగిందని వాదిస్తున్నారు. ప్రమాదకరమైన జాతులను ప్రభుత్వం నిషేధించిందని 2024లో చదివిన గుర్తు ఉంది. ఆ నిషేధం ఇప్పుడు అమలులో ఉన్నదా? జాతిని తప్పుపట్టడం న్యాయమేనా? ఇకపై మా కుక్కను వీధిలో ఎలా కాపాడుకోవాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: పటమట నుంచి

ముందుగా అమ్మగారి చేతి సంగతి చూడండి. గీత చిన్నదైనా, సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఇప్పటివరకు వేయించకపోతే ఈరోజే వెళ్లండి.

ఇక జాతి విషయం. నేనూ కుక్కను పెంచుతున్నాను, అయినా జాతితో సంబంధమే లేదనే మాటను ఒప్పుకోలేను. బ్రిటన్‌లో ఎద్దుల మీదకు కుక్కలను ఉసిగొల్పే పందేలను 1835లో చట్టం ద్వారా మాన్పించారు. ఆ వినోదానికి అలవాటుపడినవారు ఆ తరువాత కుక్కలను కుక్కలతోనే పోరాడించారు. బుల్‌డాగ్ బలానికి టెర్రియర్ చురుకుదనాన్ని జోడించి, పట్టు వదలని పిల్లలనే ఏరి ఏరి తరతరాలుగా పెంచిన సంతతి నుంచి పిట్‌బుల్ వచ్చింది. పందెం పుంజును, పెరటి పుంజును ఒకే గంప కింద మూయకూడదని మన పల్లెల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కుక్కల దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిడిని ఎందుకు పక్కన పెడుతున్నామో నాకు అర్థం కాదు.

రాట్‌వీలర్ పోరాటాల కోసం పుట్టిన జాతి కాదు. జర్మనీలో పశువులను తోలడానికి, మాంసం అమ్మేవారి బండ్లు లాగడానికి పెంచిన కుక్క అది. అయితే మగది 50 కిలోలు దాటవచ్చు, మీ స్పిట్జ్ అందులో ఐదో వంతు కూడా ఉండదు. కోపం రెండింటికీ ఒకే మోతాదులో వచ్చినా, ఒకదాని కోపం మొరుగుడుతో ముగుస్తుంది, రెండవదాని కోపం శస్త్రచికిత్స బల్ల మీద ముగుస్తుంది. అందుకే బ్రిటన్ 1991 నాటి చట్టంలో పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫీలా బ్రసిలీరో జాతులను నిషేధించింది, 2023 చివరిలో ఎక్స్‌ఎల్ బుల్లీని కూడా ఆ జాబితాలో చేర్చింది. మన వద్ద కూడా అటువంటి కట్టడి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి

నేను కుక్కలకు శిక్షణ ఇస్తాను, పెద్ద జాతులతోనే నా పని ఎక్కువ. పటమట వారు శరీర బలం గురించి చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. జాబితా వేస్తే దాడులు తగ్గుతాయన్న దగ్గరే మా దారులు వేరవుతాయి. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్ తరహా కుక్కలపై నిషేధం పెట్టి, కాట్లు తగ్గలేదని గ్రహించి 2008లో ఎత్తివేసింది. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తనను పరిశీలించి 2022లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ఒక కుక్కకూ మరొక కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వివరించగలిగినది సుమారు 9 శాతమేనని తేల్చింది. పైగా మన ఊళ్లలో కాగితాలు లేకుండా చేతులు మారే పిల్లలలో ఏది ఏ జాతో తల్లిని చూడకుండా చెప్పడం నాకే కష్టం. అటువంటప్పుడు జాబితా పట్టుకుని వచ్చే అధికారి ఏ ఆధారంతో తేల్చగలడు?

నేను వెళ్లే ఇళ్లలో చూస్తున్నది వేరు. హోదా కోసం పెద్ద కుక్కను కొంటారు, డాబా మీద రేకుల కింద గొలుసుతో కట్టేస్తారు, ఏప్రిల్, మే నెలల ఎండలో కూడా అక్కడే ఉంచుతారు. దానికి వీధి అంటే గేటు కంతలోంచి కనిపించేది మాత్రమే. సుమారు 3 వారాల వయసు నుంచి 14 వారాల లోపు ఇతర కుక్కలను, కొత్త మనుషులను, బండ్ల చప్పుళ్లను చూస్తూ పెరగవలసిన పిల్ల ఆ కాలమంతా ఒంటరిగా గడుపుతుంది. 8 వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నా, కళ్లు తెరిచీ తెరవకముందే తల్లి నుంచి వేరుచేసి అమ్మేవారు ఉన్నారు. ఇలా పెరిగిన కుక్క గేటు తెరుచుకున్న క్షణంలో ఏం చేస్తుందో మీ వీధిలో అందరూ చూశారు.

మరొక మాట. తమ కుక్క ఎవరినీ ఏమీ అనలేదని మీ పొరుగువారు చెప్పడం అబద్ధం కానక్కరలేదు. మనుషులతో మెత్తగా ఉండే కుక్క సాటి కుక్కలను సహించలేకపోవచ్చు, ఈ రెండూ వేరువేరు గుణాలు. యజమానులు మొదటిదాన్ని చూసి రెండవది కూడా లేదనుకుంటారు, ప్రమాదం అక్కడే ఉంది.

సమాధానం: విజయవాడ, పశువైద్యుడు

కుట్లు పడ్డాయన్నారు కాబట్టి వైద్యం అందిందని అనుకుంటున్నాను, అయినా కొన్ని విషయాలు చెప్పాలి. పెద్ద కుక్క చిన్నదాన్ని పట్టుకుని విదిలించినప్పుడు చర్మం మీద కనిపించేది పంటి రంధ్రం మాత్రమే. లోపల చర్మం కండరం నుంచి విడిపోయి ఉండవచ్చు, పక్కటెముకలు విరిగి ఉండవచ్చు, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలి ఉండవచ్చు. స్పిట్జ్‌కు బొచ్చు దట్టంగా ఉంటుంది కనుక, వెంట్రుకలు కత్తిరించి చూస్తే గాని గాయాలన్నీ బయటపడవు. ఛాతీ ఎక్స్‌రే తీయించకపోతే తీయించండి. ఊపిరి ఎగపోయడం, చిగుళ్లు తెల్లబడటం, పొట్ట ఉబ్బడం, తిండి ముట్టకపోవడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆగవద్దు. శస్త్రచికిత్స అవసరమైన కేసులకు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఆసుపత్రిని కూడా సంప్రదించవచ్చు.

గాయంపై పసుపు, సున్నం, కారం, ఆకుపసరు వంటివి పెట్టకండి. నొప్పి తగ్గుతుందని మనుషులు వాడే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు అసలే వేయకండి, అవి కుక్కల కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ముందే టీకా ఉన్నా, మరొక కుక్క కరచినప్పుడు రేబిస్ బూస్టర్ వేయించాలి. కరచిన కుక్క టీకా కార్డు చూపమని పొరుగువారిని అడగండి, 10 రోజుల పాటు దాన్ని గమనించవలసిన బాధ్యత కూడా వారికి గుర్తుచేయండి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఎక్స్‌రే రేపే తీయిస్తాము. ఒక సందేహం మిగిలింది. ఆ రోజు అమ్మగారు మా కుక్కను రెండు చేతులతో వెనక్కి లాగారు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే, ఒంటరిగా ఉన్న మనిషి ఏం చేయాలి?

సమాధానం: విజయవాడ, పశువైద్యుడు

పట్టు బిగించిన కుక్క నోటిలోంచి మీ కుక్కను లాగితే కండ చీలిపోతుంది, అందుకని లాగకూడదు. నోటి దగ్గర చేతులు పెట్టకూడదు, ఎందుకంటే ఆ ఉద్వేగంలో మీ కుక్కే మిమ్మల్ని కరవవచ్చు. నీళ్లు కొట్టడం మంచి పని, ఆ ఇస్త్రీ బండివారు మీ కుక్క ప్రాణం నిలబెట్టారు. సాయం ఉంటే, దాడి చేసే కుక్క వెనక కాళ్లు రెండూ తొడల దగ్గర పట్టుకుని పైకెత్తి వెనక్కి నడవాలి, ఎవరైనా రెండవ కుక్కను కూడా అలాగే పట్టుకోవాలి. అయితే ఇది బలమున్నవారు చేయగల పని. పెద్దవయసువారు కేకలు వేసి జనాన్ని పిలవడమే మేలు.

నిజానికి కాపాడుకునే అవకాశం అంతకు ముందు క్షణాల్లోనే ఉంటుంది. నోరు మూసి, ఒళ్లు బిగించి, తోక నిలబెట్టి రెప్పవేయకుండా చూస్తున్న కుక్క కనిపిస్తే ఎదురుగా వెళ్లకుండా, నిలిపి ఉన్న కారు వెనకకో తెరిచి ఉన్న గేటు లోపలికో తప్పుకోండి. మెడ పట్టీకి బదులు ఛాతీ బెల్టు వాడండి, తాడు రెండు మీటర్లు మించకూడదు. బటన్ నొక్కగానే విచ్చుకునే గొడుగు చేతిలో ఉంటే, దూసుకువచ్చే కుక్క ముందు దాన్ని తెరిస్తే చాలాసార్లు అది తడబడి ఆగుతుంది.

సమాధానం: విజయవాడ, న్యాయవాది

నిషేధం సంగతి చెబుతాను. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చి 12న రాష్ట్రాలకు ఒక లేఖ రాసి, రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, విక్రయాలకు అనుమతులు ఇవ్వవద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించాలని కోరింది. సంబంధితులతో సంప్రదించలేదన్న కారణంగా కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కనుక ఆ లేఖను చూపి పొరుగువారి కుక్కను తీసివేయించగలమని అనుకోవద్దు.

అంతమాత్రాన మీకు దారి లేకపోలేదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గాని తీవ్ర గాయం గాని కలగకుండా జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ సెక్షన్ రక్షించేది మనుషులను. అందువల్ల ఫిర్యాదులో మీ కుక్క గాయాలతో ఆగకుండా, తాడు పట్టుకుని ఉన్న అమ్మగారికి కలిగిన ప్రమాదాన్ని, చేతి గాయాన్ని, ఆసుపత్రి చీటీని తప్పక చేర్చండి. జంతువును గాయపరిచినందుకు 325వ సెక్షన్ ఉంది గాని, అందులో ఉద్దేశం గాని, నష్టం కలుగుతుందన్న ఎరుక గాని ఉండాలి, గేటు తెరిచి ఉంచిన నిర్లక్ష్యానికి అది వర్తించదు. వైద్య ఖర్చుల కోసం సివిల్ దావా వేసే హక్కు మీకు వేరుగా ఉంది, రసీదులు భద్రపరచండి.

సమాధానం: పటమట నుంచి

గుంటూరు వారి మాటలు చదివాక నిషేధం ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఇరుకు వీధిలో 50 కిలోల కుక్క పక్కనుంచి రేపు ఉదయం మళ్లీ నడవవలసింది ఆ తల్లే. యజమాని బుద్ధి మారే వరకు ఆమె ఎదురుచూడాలా? కనీసం గేటు దాటిన ప్రతిసారీ ఆ కుక్క మూతికి చిక్కం ఉండాలని అడగడం అన్యాయం కాదు.

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒకసారి మరొక కుక్కను పట్టుకున్న కుక్కకు చిక్కం, దృఢమైన తాడు, గేటు లోపల రెండవ తలుపు తప్పనిసరి. పనివారి చేతికో పిల్లల చేతికో ఇచ్చి దాన్ని బయటకు పంపరాదు. అయితే చిక్కం కొనేటప్పుడు గుడ్డతో మూతిని బిగించే రకం కొనవద్దని ఆ పొరుగువారికి చెప్పండి. కుక్క నోరు తెరిచి వగర్చడం ద్వారానే ఒంటి వేడిని దించుకుంటుంది, మన ఎండల్లో నోరు కట్టేస్తే వడదెబ్బతో ప్రాణం పోతుంది. నోరు తెరుచుకుని నీళ్లు తాగగలిగే బుట్ట ఆకారపు చిక్కమే తీసుకోవాలి. మొదట అందులో తిండి పెట్టి, కుక్క తనంతట తానే మూతి పెట్టే వరకు ఆగి, ఆ తరువాత కొద్ది నిమిషాలు, క్రమంగా ఎక్కువసేపు తొడగాలి. వారు ఒప్పుకుంటే నేనే విజయవాడ వచ్చి మొదటి వారం దగ్గరుండి అలవాటు చేయిస్తాను, ఇందుకు రుసుము తీసుకోను.