కానుగ ఆకులోంచి వచ్చిన చిన్న మాత్: కొత్త జాతి అని ఎవరు తేలుస్తారు?

కానుగనీడ:
మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఇంటి ముందున్న కానుగ చెట్టు ఆకుల మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే, లోపల ఏముందో చూద్దామని కొన్ని ఆకులు తెంపి మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో ఉంచాను. కొన్నాళ్లకు బియ్యపు గింజంత కూడా లేని మాత్‌లు (సీతాకోకచిలుకల చుట్టాలైన రెక్కల పురుగులు) బయటికొచ్చాయి, రెక్కల మీద వెండి గీతలు, అంచున పొడవాటి కుచ్చు. ఫోటో తీసి యాప్‌లో పెడితే కుటుంబం పేరు చెప్పి ఆగిపోయింది, జాతి చెప్పలేదు. ఇది కొత్త జాతే, పేరు పెట్టెయ్ అంటున్నాడు మా తమ్ముడు. అసలు ఒక పురుగు కొత్తదని దేన్ని చూసి తేలుస్తారు? డిగ్రీలో జువాలజీ చదివాను, ఇప్పుడు చేతిలో ల్యాబ్ లేదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

సూదిపెట్టె:
ఆకుతో పాటు పెంచి చూశారు చూడండి, సగం మంచి పని అక్కడే అయింది. కానీ యాప్ గుర్తుపట్టలేదంటే దాని దగ్గర ఆ పురుగు ఫోటోలు సరిపడా లేవనే అర్థం, సైన్సుకు తెలియదని కాదు. మన నిమ్మ, బత్తాయి ఆకుల్లో మెలికలు మెలికలుగా తొలుచుకుపోయే పురుగు ఉంది కదా, దానికి 1856లోనే కలకత్తా నమూనాల మీద పేరు పడింది. టమాటా తోటల్ని పాడుచేస్తున్న టూటా అబ్సల్యూటా అనే మాత్ మన దేశంలో 2014లో మహారాష్ట్రలో బయటపడింది గానీ, పెరూ నుంచి వచ్చిన నమూనా చూసి ఎడ్వర్డ్ మేరిక్ 1917లోనే దానికి పేరు పెట్టేశాడు. ఈ మేరిక్ ఇంగ్లండ్‌లో స్కూలు మాస్టరు. ప్రపంచం నలుమూలల నుంచి పంపిన చిన్న మాత్‌లను చూసి ఆయన ఒక్కడే వేల జాతులకు పేర్లు పెట్టాడు, అందులో మన దేశానివీ బోలెడు. చిక్కేమిటంటే ఆయన వర్ణనలు చాలావరకు నాలుగు వాక్యాల్లో రంగూ గీతలూ చెప్పి ముగుస్తాయి, బొమ్మ ఉండదు, జననాంగాల ఊసు ఉండదు. ఆ వర్ణన మీ మాత్‌దా కాదా అని తేల్చాలంటే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న ఆయన నమూనాల దాకా వెళ్లాలి, లేదా వాటి మీద తర్వాతి వాళ్లు చేసిన పని వెతకాలి. కొత్త జాతి అని చెప్పడంలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, ఇంతకుముందు పేరున్న దగ్గరి చుట్టాలన్నిటితో పోల్చి ఇది వాటిలో ఏదీ కాదని చూపించాలి. కానుగ మన ఊళ్లన్నిటా ఉండే చెట్టు, దాని ఆకు తొలిచే మాత్‌లలో పేరున్నవి ఇప్పటికే ఉన్నాయి, కాబట్టి ముందు వాటితో మొదలుపెట్టండి.

చిత్తడినేల:
ట్రంప్ పేరు పెట్టిన మాత్ గుర్తుందా, నియోపాల్పా డొనాల్డ్‌ట్రంపీ? అది చదివితే పద్ధతి బాగా అర్థమవుతుంది. వాజ్రిక్ నజారీ అనే కెనడా పరిశోధకుడు కాలిఫోర్నియాలోని బొహార్ట్ మ్యూజియం నుంచి తెప్పించుకున్న పాత నమూనాలు చూస్తుంటే కొన్ని తేడాగా కనిపించాయి. అప్పటికి ఆ ప్రజాతిలో (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) నియోనాటా అనే ఒక్క జాతే ఉంది. ఆయన తల మీద పసుపు తెలుపు పొలుసులు, రెక్కల రంగు, జననాంగాల ఆకారం, డీఎన్ఏ బార్‌కోడ్ (జాతుల్ని పోల్చడానికి చదివే చిన్న డీఎన్ఏ ముక్క) అన్నీ పక్కపక్కన పెట్టి రెండూ వేరని చూపించి 2017 జనవరిలో జూకీస్ పత్రికలో ప్రచురించాడు. దక్షిణ కాలిఫోర్నియా, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాల్లో దొరుకుతుంది, రెక్కలు చాపితే సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. దెబ్బతింటున్న అలాంటి చోట్ల మీద జనం దృష్టి పడాలనే ఆ పేరు పెట్టానన్నాడు. నాకు ఇందులో నచ్చేది పేరు కాదు, ఎవరో ఎప్పుడో పట్టి, లేబుల్ మీద ఊరూ తేదీ సరిగ్గా రాసి పెట్టబట్టే ఆ పని జరిగింది.

మొగలిపొద:
జననాంగాలు చూడాలంటే చంపి కోయాలిగా. ఒక పేరు కోసం చంపడం ఎందుకండీ, ఇప్పుడు మ్యాక్రో ఫోటోలు అంత బాగా వస్తుంటే?

సూదిపెట్టె:
మీ బాధ అర్థమైంది, అవసరానికి మించి పట్టకూడదని నేనూ గట్టిగా అంటాను. కానీ చిన్న మాత్‌ల దగ్గర ఫోటో చాలదు. రెక్కల మీద అవే గీతలతో రెండు మూడు జాతులు ఉంటాయి, తేడా పొట్ట చివరే తెలుస్తుంది. పొట్ట భాగం విడదీసి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే మెత్తటి కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి, వాటిని శుభ్రం చేసి స్లైడ్ మీద ఎక్కించి గీస్తారు. పైగా 2000 నుంచి జంతునామ నియమావళి ప్రకారం కొత్త జాతికి ఆధార నమూనాను స్పష్టంగా చూపించాలి, రేపు ఎవరైనా అనుమానపడితే తీసి చూసేది దాన్నే. 2015లో దక్షిణాఫ్రికా ఈగ ఒకదాన్ని ఫోటోల మీదే వర్ణించారు, దాని మీద పెద్ద గొడవే జరిగింది. బార్‌కోడ్ కూడా అంతే, 658 అక్షరాల ఆ డీఎన్ఏ ముక్క మంచి సాక్ష్యం గానీ ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అని ఎక్కడా రాసి లేదు. మీరు పెంచిన మాత్‌లు కొన్ని సహజంగా చనిపోతాయి కదా, రెక్కలు చెడకపోతే అవే పనికొస్తాయి.

కానుగనీడ:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. రెండు మాత్‌లు డబ్బాలోనే చనిపోయి ఉన్నాయి, ఖాళీ ఆకులు కూడా పారేయలేదు. ఒకవేళ నిజంగా కొత్తదే అయితే మా అమ్మ పేరు పెట్టొచ్చా?

చిత్తడినేల:
ఆ ఆకుల్ని పుస్తకంలో పెట్టి ఆరబెట్టండి, మచ్చ ఆకు పైవైపుందా కిందివైపుందా, లోపల విసర్జన ఎలా పేర్చి ఉందీ ఇవన్నీ జాతిని పట్టిస్తాయి. ఖాళీ ప్యూపా తొడుగులు దొరికితే అవీ తీసి పెట్టండి. మీ డబ్బాలోంచి చిన్న కందిరీగల్లాంటివి వచ్చినా పారేయొద్దు, మాత్‌లో పరాన్నజీవులవి, వాటి మీద పనిచేసేవాళ్లు వేరే ఉంటారు. ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి కనిపెడితే ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి నమూనా అక్కడ ఇవ్వాలి, జంతువులకైతే జువలాజికల్ సర్వే ఉంది, హైదరాబాద్‌లో వాళ్ల కేంద్రం కూడా ఉంది. విదేశాల్లో ఎవరైనా పంపమంటే అనుమతులు చూడకుండా కొరియర్ చేయకండి.

అమ్మ పేరు నిక్షేపంగా పెట్టొచ్చు. స్త్రీ పేరైతే చివర లాటిన్ పద్ధతిలో ఏ, ఈ అక్షరాలు కలుపుతారు, మగవాళ్ల పేరుకు ఐ. ఆన్‌లైన్ పత్రికలో వేస్తే ఆ వ్యాసం ముందుగా జూబ్యాంక్‌లో, అంటే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరులో, నమోదై ఉండాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు. అది చాలా తర్వాతి సంగతి. ఇవాళ మాత్రం ఆ రెండు మాత్‌ల పక్కన ఊరు, చెట్టు, ఆకు తెంపిన తేదీ, మాత్ బయటికొచ్చిన తేదీ పెన్సిల్‌తో కాగితం మీద రాసి పెట్టండి, పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. రెక్కల ఫోటో పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీసి ఇక్కడ వేయండి, ముందు ప్రజాతి ఏదో చూద్దాం.