పిక్అప్: వీ-క్రాసా, హైలక్సా? ఏ వేరియంట్ తీసుకోవాలి?

అన్నలకు నమస్కారం. మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి దగ్గర పల్లె. చీనీ తోట ఉంది. తోటకు పోవాలంటే ఒక వంక దాటాలి, ఆ తర్వాత అంతా నల్లరేగడి. ఎండాకాలం ఏ బండైనా పోతుంది గానీ, వాన పడితే ఆ మట్టి టైర్లకు అంటుకుని టైరు గాట్లు నిండిపోయి చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేది) కావాల్సిందే, అందులో సందేహం లేదు.

ఇసుజు వీ-క్రాస్‌లో 1.9 లీటర్ డీజిల్, 163 పీఎస్ (ఇంజిన్ పవర్), 360 ఎన్ఎం (టార్క్, అంటే లాగే బలం). టొయోటా హైలక్స్‌లో 2.8 లీటర్, 204 పీఎస్. మాన్యువల్‌కు 420 ఎన్ఎం, ఆటోమేటిక్‌కు 500. హైలక్స్‌లో వెనక డిఫరెన్షియల్ లాక్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేట్టు చేసేది) కూడా ఉంది. బురదలో ఒక చక్రం తేలిపోయినప్పుడు పనికొచ్చేది అదేనని నా నమ్మకం. కానీ ధరలో తేడా బాగా ఎక్కువ.

రేగడిలో నడిపినవాళ్లు చెప్పండి: లో రేంజ్‌లో (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేరులో) వేస్తే 1.9 ఇంజిన్ సరిపోతుందా? వెనక ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు ఉంటాయి. వీ-క్రాస్ తీసుకుని మిగిలిన డబ్బు మంచి మడ్ టైర్లకు పెట్టడం మేలనిపిస్తోంది, మీరేమంటారు?

గేర్ల సంగతి కూడా. నాకు మాన్యువలే ఇష్టం. మా నాయనకు మోకాళ్ల నొప్పులు, క్లచ్ తొక్కడం కష్టం, ఆయనా నడుపుతాడు. ఆటోమేటిక్ కోసం పై వేరియంట్‌కు పోవాల్సి వస్తోంది. లెదర్ సీట్లు, పెద్ద స్క్రీన్ మాకు అక్కర్లేదు.

అనంతపురం, కడప వైపు ఈ బండ్లు వాడేవాళ్లుంటే సర్వీసు, స్పేర్ పార్టుల పరిస్థితి ఎట్లుందో కూడా రాయండన్నా. వానలు మొదలయ్యేలోపు బుక్ చేయాలి.