ఫ్యాన్ పిట్‌లో మూడు గంటలు: చెవుల్లో దూది సరిపోతుందా?

ప్రశ్న: వచ్చే నెల గచ్చిబౌలి స్టేడియంలో లైవ్ షోకి వెళ్తున్నాం. మా తమ్ముడు పట్టుబట్టి స్టేజి ముందు ఫ్యాన్ పిట్ టికెట్లు కొన్నాడు. పెళ్లి బరాత్‌లో డీజే పక్కన కాసేపు నడిస్తేనే నాకు మర్నాటి దాకా చెవుల్లో గుయ్‌మని హోరు. ఐదేళ్ల పాప కూడా వస్తానంటోంది. దూది పెట్టుకుంటే చాలా?

సౌండ్ సెట్ల పని చేసేవాడిని: దూదితో పెద్దగా ఒరిగేదేం లేదండి. ముందు నిలబడే చోటు చూసుకోండి. బేస్ బాక్సులు చాలా షోల్లో స్టేజి కిందే, పిట్‌లో ఉన్నవాళ్ల వైపు తిప్పి ఉంటాయి. వెనక మిక్సర్ పెట్టిన టెంట్ ఉంటుంది చూడండి, దాని చుట్టుపక్కల నిలబడండి. సౌండ్ ఇంజనీర్ అక్కడ విని సరిచేస్తాడు కాబట్టి పాట అక్కడే శుభ్రంగా వినిపిస్తుంది. పిట్‌లో వినబడేది సగం డ్రమ్స్, సగం పక్కవాడి కేకలు!

ప్రశ్న అడిగినవారు: పిట్ వదిలే ప్రసక్తే లేదంటున్నాడు తమ్ముడు.

ఆడియాలజిస్ట్‌ని (వినికిడి నిపుణులు): అయితే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు భరించవచ్చని లెక్క. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది. ఆ లెక్కన షోలో మోత 100కి చేరితే మిగిలేది 15 నిమిషాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు.

చాలామంది ప్లగ్‌ని బయట అంటించినట్టు పెట్టుకుని పనిచేయలేదంటారు. చేతులు కడుక్కుని, ప్లగ్‌ని సన్నగా వత్తిలా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, కాస్త వెనక్కి లాగండి. ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. షో మొదలవక ముందే పెట్టుకోండి, చెవులు దిబ్బడేశాక కాదు. ఇంట్లో ఒకసారి పెట్టి చూసుకుంటే అక్కడ టెన్షన్ ఉండదు.

పాపకి ఫోమ్‌వి వద్దు. చిన్న చెవుల్లో సరిగ్గా కూర్చోవు, పైగా తీసి నోట్లో పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్‌లా చెవుల్ని పైనుంచి మూసే ఇయర్‌మఫ్స్ పిల్లల సైజువి కొని, వెనక సీట్లలో కూర్చోబెట్టండి. నన్నడిగితే ఆ రాత్రికి అమ్మమ్మ దగ్గర ఉంచడమే మేలు.

ఇంకొకరు: ప్లగ్స్‌తో పాట మొద్దుబారిపోదా?

ఆడియాలజిస్ట్‌ని: ఫోమ్‌తో కొంత అవుతుంది. అది పైశ్రుతి (సన్నటి) శబ్దాలను ఎక్కువగా కోసేస్తుంది. మ్యుజీషియన్లు వాడే ఫిల్టర్ రకంతో ఆ ఇబ్బంది తక్కువ, కానీ ఖరీదెక్కువ. తరచూ షోలకు వెళ్లేవాళ్లయితే కొనుక్కోవచ్చు.

షో తర్వాత హోరు ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి. అలాంటప్పుడు వాడే స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ప్రశ్న అడిగినవారు: ఫోమ్‌వి మెడికల్ షాపులో దొరుకుతాయా?

సౌండ్ సెట్ల పని చేసేవాడిని: కొన్నింట్లో ఉంటాయి. లేకపోతే హెల్మెట్లు, గ్లవ్స్ అమ్మే సేఫ్టీ సామాన్ల షాపుల్లో అడగండి. నాలుగైదు జతలు ఎక్కువే తీసుకోండి, గుంపులో ఒకటి కింద పడితే మళ్లీ దొరకదు.