కొండనాలుకలో ‘కొండ’ ఎక్కడిది?

మాంబళం: ‘కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక...’ తర్వాత ‘ఊడింది’ అనాలా, ‘పడింది’ అనాలా? అమ్మమ్మ ‘పడింది’ అనేదని లీలగా గుర్తు. నాన్నగారి గురకకి కొండనాలుక కోయించాలేమోనని ఇక్కడ చెన్నైలో గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ‘అడ్డం అది కాదు, వెనక్కి జారుతున్న అసలు నాలుకే’ అన్నారావిడ. అప్పట్నుంచీ సామెత వదలడం లేదు.

పెరంబూరు: ఊడిందే. సందేహం అక్కర్లేదు. తేలాల్సింది ‘కొండ’ సంగతి. అది కొండ కాదు, తేలు కొండి. వంకర మొనతో వేలాడేది కొండినాలుక, అదే వాడుకలో అరిగింది.

అన్నానగర్: ‘డి’ ఎలా ‘డ’ అయింది మాస్టారూ? కోడిగుడ్డు కోడగుడ్డు కాలేదే! అంగిట్లో పైనుంచి దిగింది కాబట్టి కొండ.

పెరంబూరు: మరి కొండచిలువ ఎక్కణ్ణుంచి దిగింది? తమిళులు ఉళ్నాక్కు అన్నారు, లోపలి నాలుక. కన్నడిగులు కిరునాలిగె అన్నారు, చిన్న నాలుక. ఇద్దరూ ఉన్నదే చెప్పారు. మనవాళ్ళూ రూపం చూసే పెట్టి ఉంటారు.

వేలచ్చేరి: నిద్ర పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ‘పడింది’ని కొట్టెయ్యకండి. ముక్కుకి ఎముక దన్ను ఉంది, శ్వాసనాళానికి మృదులాస్థి ఉంగరాలున్నాయి. నడుమ గొంతుకే గట్టి గోడ లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది లోపలికి ముడుచుకుపోవాలని చూస్తుంది, కండరాలే తెరిచి పట్టుకుంటాయి. వాటిలో ముఖ్యమైంది జీనియోగ్లాసస్. కింది దవడ లోపలి వైపు పుట్టి నాలుకలోకి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఊపిరి పీల్పించే కండరం డయాఫ్రం కదిలే లిప్తపాటు ముందే పన్నెండో కపాలనాడి దాన్ని బిగించి నాలుకను ముందుకు లాగుతుంది. నిద్రలో ఆ బిగువు తగ్గుతుంది, కలల నిద్రలో మరీ. అప్పుడు నాలుక ఊడదు, వెనక్కి పడుతుంది. ఆ నాడినే తట్టి లేపే పరికరానికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది.

మైలాపూరు: ఇది చదవగానే పోతన గజేంద్రుడే కళ్ళముందు నిలిచాడు. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’. బహువచనం చూడండి, పంచప్రాణాలూ అన్నమాట. వాటిలో ఉదానానికి కంఠమే ఠావు.

అన్నానగర్: ‘తావుల్’ కదండీ?

మైలాపూరు: కానే కాదు! అది శార్దూలం, పదమూడో అక్షరం యతిస్థానం. ఆ పాదంలో అక్కడ ‘డస్సెన్’ ఉంది. ఠకారానికీ డకారానికీ యతి చెల్లుతుంది, తకారానికి చెల్లదు. ఆ ఒక్క ‘ఠా’లో ఏనుగు గొంతు పట్టుకుపోయినట్టు వినిపిస్తుంది నాకు.

అన్నానగర్: ఒప్పుకున్నాను. చిన్నప్పటినుంచీ తప్పే చదివాను.

మాంబళం: పద్యం నాన్నగారికి వినిపించాను, మిగతా రెండు పాదాలూ ఆయనే అందుకున్నారు. సామెత అడిగితే మాత్రం ‘పోయింది’ అంటున్నారు.

పెరంబూరు: మూడోది వచ్చిందన్నమాట. ఆయన ‘కొండ’ అన్నారా, ‘కొండి’ అన్నారా? అది అడగండమ్మా ముందు.