అమ్మమ్మ పెట్టెలోని పాత ఫొటోలు అమ్మదగినవేనా?

అటకపెట్టె:

అమ్మ పోయి ఏడాది అయింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద అమ్మమ్మ రేకు పెట్టె దొరికింది. అందులో 240 దాకా ఫొటోలున్నాయి. ఎక్కువ భాగం స్టూడియోలో కూర్చోబెట్టి తీసినవి. మందపాటి అట్టకు అతికించిన గోధుమరంగు చిత్రాలు ముప్పై ఉంటాయి. మూత ఉన్న చిన్న డబ్బాలో లోహపు పలక మీద ఒక ముఖం ఉంది. ఒక ఆల్బం కూడా ఉంది. నాలుగైదింటికి తప్ప వెనుక పేర్లు లేవు.

తెలియని మనుషుల ఫొటోలు మనకెందుకు, అమ్మేద్దాం అంటున్నాడు తమ్ముడు. ఒక వ్యాపారి వచ్చి పై పైన తిరగేసి, అన్నింటికీ కలిపి ఒకే ధర చెప్పి, రేపటిలోగా తేల్చమన్నాడు. ఆ తొందర చూసే ఆగాను. వీటికి విలువ ఉందో లేదో నాలాంటి వాళ్లు తెలుసుకునే దారి ఉందా?

భూతద్దం:

ముందు ఆ వ్యాపారికి ఇప్పుడే కాదని చెప్పండి. ఇన్నేళ్లు అటక మీద ఉన్నవి ఇంకో నెల ఉంటే నష్టం లేదు.

నేను చాలా కాలంగా పాత ఫొటోలు సేకరిస్తున్నాను. అందరూ మొదట పొరబడేది వయసు దగ్గరే. పాతదైతే చాలు విలువైనదనుకుంటారు. 1854లో ప్యారిస్‌లో దిస్దెరి అనే ఫొటోగ్రాఫరు ఒకే గాజు పలక మీద అనేక చిన్న చిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. దానితో ఖర్చు తగ్గి స్టూడియో చిత్రాలు లెక్కకు మించి వచ్చాయి. అందుకే పేరు లేని, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఫొటోకు సాధారణంగా పెద్ద ధర రాదు. ఆయన మీకు ముత్తాత కావచ్చు, కొనేవాడికి మాత్రం ఎవరో ఒక మనిషి.

కొనేవాడి కళ్లు వెతికేవి వేరు. పనిముట్టు పట్టుకున్న కమ్మరి, బోర్డు చదవడానికి వీలుగా ఉన్న దుకాణం, వరద తరువాత వీధి, పనివాళ్లతో నిండిన కార్ఖానా. ఇప్పుడు కనుమరుగైన పని గాని చోటు గాని అందులో కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. వెనుక చోటు, తేదీ రాసి ఉంటే ఇంకా మంచిది.

లోహపు పలకను చేతిలో అటూ ఇటూ వాల్చి చూడండి. అద్దంలా మెరుస్తూ, ఒక కోణంలో చిత్రంలోని వెలుగునీడలు తారుమారై నెగెటివ్‌లా కనిపిస్తే అది డాగెరోటైప్ కావచ్చు. 1839లో ప్రకటించిన పద్ధతి అది, వెండి పూత పూసిన రాగి రేకు. దాన్ని గుడ్డతో తుడిస్తే చిత్రమే పోతుంది, తుడవకండి. మెరుపు లేకపోతే డబ్బా వెనుక వైపు నుంచి అయస్కాంతం పెట్టండి. పట్టుకుంటే టిన్‌టైప్, అంటే ఇనుప రేకు. అట్ట మీది గోధుమరంగువి కోడిగుడ్డు తెల్లసొనతో తయారుచేసిన ఆల్బుమెన్ కాగితం అయ్యే అవకాశం ఎక్కువ. భూతద్దంలో చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే మాత్రం అది ఫొటో కాదు, అచ్చు వేసిన చిత్రం.

ఆల్బంలోంచి ఒక్కటి కూడా ఊడదీయకండి. ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పేది ఆ వరుసే. ధర చూడాలంటే అడిగిన ధరలు కాదు, వేలంలో నిజంగా పలికిన ధరలు చూడండి.

మూడోతరం:

మా నాన్నగారి ఆల్బం మేం అమ్మేశాం. ఆరు నెలల తరువాత మా పెద్దత్తయ్య అందులో తన తల్లి ఫొటో ఉందని చెప్పి, ఒక్కసారి చూపించమంది. ఆవిడ తల్లిది ఉన్న ఒకే ఒక్క ఫొటో అదే. ఏం చెప్పాలో తెలియక ఫోను పట్టుకుని నిలబడిపోయాను.

అందుకే, అమ్మినా అమ్మకపోయినా మొదట ముందూ వెనుకా రెండు వైపులా 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేయండి. బంధువుల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించి వాళ్ల మాటలు రికార్డు చేయండి. పేర్లు మెత్తటి పెన్సిలుతో వెనుక అంచున మాత్రమే రాయండి, బాల్‌పెన్ను వద్దు. ఇంకొక మాట, ఫొటో కాగితం మీ సొంతమైనంత మాత్రాన దాని కాపీరైటు మీది కానక్కరలేదు. ఎక్కడైనా అచ్చు వేయించేముందు చూసుకోండి.

అటకపెట్టె:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పలకకు అయస్కాంతం పట్టింది, అది టిన్‌టైపే. ఫొటోలన్నీ పిన్నికి చూపించాం. 31 మందిని గుర్తుపట్టింది. ఒకదాని దగ్గర చాలాసేపు ఆగింది. అది అచ్చుయంత్రం ముందు నిలబడిన ఆరుగురి ఫొటో, పక్కన సీసపు అక్షరాల అరలు. ఎడమ నుంచి రెండో మనిషి తాతయ్య. ఆయన అచ్చులో పనిచేశారని మాకెవ్వరికీ తెలియదు.

తమ్ముడు ఆ ఫొటో చేతిలోకి తీసుకుని, మళ్లీ అమ్మే మాట ఎత్తలేదు. పిన్నీ గుర్తుపట్టలేని, రెండేసి ప్రతులున్న స్టూడియో చిత్రాలు 60 మాత్రం అమ్ముదామనుకుంటున్నాం. ఆ అచ్చుశాల ఫొటోను ఎవరికైనా చూపించాలా?

భూతద్దం:

చూపించండి, కానీ అమ్మడానికి కాదు. ముద్రణ చరిత్ర మీద పనిచేసే గ్రంథాలయానికో మ్యూజియానికో స్కాన్ ప్రతి ఇచ్చి, అసలుది మీరే ఉంచుకోండి. మిగతా అయిదుగురి పేర్లు పిన్నిగారికి గుర్తుంటే ఈ వారమే అడిగి రాసుకోండి.