జ్యా పొడవు సగమైతే కేంద్రం నుంచి దూరం రెట్టింపవుతుందా?

తొమ్మిదో_తరగతి_అమ్మ:
మా అమ్మాయికి వృత్తాలు పాఠం నడుస్తోంది. పెద్ద జ్యా (వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీత) కేంద్రానికి దగ్గరగా, చిన్న జ్యా దూరంగా ఉంటుందని నోటికి వచ్చు. నిన్న 5 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, 8 సెం.మీ. జ్యా 3 సెం.మీ. దూరంలో ఉంది కదా, మరి 4 సెం.మీ. జ్యా 6 దూరంలో ఉండాలి, కానీ 6 అంటే వృత్తం దాటి బయటికి పోతుంది, ఎలా అని అడిగింది. సూత్రం చెప్పేసి ఊరుకోవడం ఇష్టం లేదు. కంపాస్, స్కేలుతో తనే కనిపెట్టేలా ఎలా చేయించాలి?

లెక్కల_టీచర్:
పిల్ల చాలా మంచి ప్రశ్న వేసిందండీ. అదే వృత్తంలో ఒక వ్యాసం గీయించి, కేంద్రం నుంచి ఒక పక్కకి సెంటీమీటరుకో చుక్క పెట్టించండి, ఒక్కో చుక్క దగ్గర ఆ వ్యాసానికి లంబంగా సెట్‌స్క్వేర్‌తో జ్యా గీసి కొలవమనండి. కేంద్రం గుండా పోయేది 10, తర్వాత 9.8, 9.2, 8, 6 వస్తాయి, 5 దగ్గర జ్యా ఉండదు, గీత వృత్తాన్ని తాకి వెళ్లిపోతుంది. మొదటి సెంటీమీటరు జరిగితే పొడవు తగ్గింది 2 మిల్లీమీటర్లే, చివరి సెంటీమీటరులో మాత్రం ఏకంగా 6 సెంటీమీటర్లు పోయాయి! ఇది కళ్లారా చూశాక రెట్టింపు, సగం అనే ఆలోచన దానంతటదే పోతుంది. తర్వాత కంపాస్ 4 సెం.మీ. తెరిచి, పరిధి మీద ముల్లు పెట్టి కోసి, ఆ జ్యా మధ్యబిందువు నుంచి కేంద్రానికి కొలిస్తే దాదాపు 4.6 వస్తుంది.

గీతల_పిచ్చి:
కారణం కూడా బొమ్మలోనే ఉంది. సగం జ్యా, దూరం, వ్యాసార్థం కలిసి లంబకోణ త్రిభుజం, అందులో కర్ణం ఎప్పుడూ 5. అంటే మొత్తం మారకుండా ఉండేది వర్గాలది: 16 + 9 = 25, అలాగే 4 + 21 = 25. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో దీన్నే ఇంకోలా చెప్పాడు, జ్యా తనకి లంబంగా ఉన్న వ్యాసాన్ని చేసే రెండు ముక్కల లబ్ధం సగం జ్యా వర్గానికి సమానం. 8 సెం.మీ. జ్యాకి ముక్కలు 2, 8, లబ్ధం 16. పాప గీసిన ప్రతి జ్యాకీ సరిచూడమనండి.
ఇంకొకటి, 8 సెం.మీ. జ్యాలు చుట్టూ ఒక ఇరవై గీయించండి, మధ్యబిందువులన్నీ 3 సెం.మీ. వ్యాసార్థం ఉన్న లోపలి వృత్తం మీదే పడతాయి, నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఇదే.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్సండీ, లోపలి వృత్తం చూసి ఎగిరి గంతేసింది. ఇప్పుడు కొత్త ప్రశ్న: జ్యా పొడవు, దూరం రెండూ సమానమయ్యే చోటు ఉందా?

లెక్కల_టీచర్:
ఉంది. వ్యాసం మీద కేంద్రం నుంచి 4 సెం.మీ. దగ్గర చుక్క పెట్టి, అక్కడ 2 సెం.మీ. లంబం లేపి, దాని కొనని కేంద్రంతో కలిపి వృత్తం దాకా పొడిగించండి. అది వృత్తాన్ని తాకిన చోటు నుంచి వ్యాసానికి లంబంగా జ్యా గీస్తే అదే. స్కేలు మీద పొడవూ దూరమూ రెండూ 4.5కి కాస్త తక్కువ చూపిస్తాయి. ఎందుకు కుదిరిందో తననే చెప్పమనండి.